తండ్రి చొక్కా, గురువు ఇల్లు: రాన్ బరాసీ చరిత్రము



మెల్బోర్ను అను పేరు నేడు మన పల్లెలలో క్రొత్తది కాదు. చదువుకై కొందరు, ఉద్యోగమునకై కొందరు మన తెలుగు బిడ్డలు వేలసంఖ్యలో ఆస్ట్రేలియా ఖండమునకు బోయి, ఆ నగరమున కాపురములు పెట్టియున్నారు. సెప్టెంబరు నెల వచ్చినదన్న ఆ నగరవాసులకు వేరొక మాట తోచదు. ఏ పేట జట్టు గెలుచును, ఏ పేట జట్టు ఓడును అన్నదే అచ్చట ఇంటింటి ముచ్చట. మన బిడ్డలు కాపురమున్న యూరి వారి మనస్సు మనకును గొంత తెలియుట మంచిది గదా! అందులకై నేడు ఆ యాటలో పుట్టి, ఆ యాటలోనే పెరిగి, తుదకు ఆ యాటకే ఆచార్యుడైన రాన్ బరాసీ అను నాతని చరిత్రమును మీకు విన్నవింప దలచినాను.

మొదట ఆ యాట యెట్టిదో రెండు మాటలు చెప్పవలెను. అది మనమెరిగిన కాలిబంతి యాట కాదు. మైదానము కోడిగ్రుడ్డు వలె కోలగా నుండును, బంతియు నట్టిదే. ఒక్కొక్క జట్టున 18 మంది మైదానమున నిలుతురు. బంతిని కాలితో తన్నవచ్చును, చేతులతో పట్టుకొనవచ్చును, పట్టుకొని పరుగెత్తవచ్చును. కాని విసరుట మాత్రము కూడదు. తోడివానికి చేతితో నందింపవలసివచ్చినచో, ఒక అరచేత బంతి నుంచి, రెండవ చేతి పిడికిలితో గ్రుద్ది పంపవలెను. మైదానపు టిరుకొసల నాలుగేసి స్తంభములు నాటబడి యుండును. నడిమి రెండు స్తంభముల మధ్యగా తన్నినచో 6 పాయింట్లు. ప్రక్క సందులనుండి పోయినచో 1 పాయింటు. ఈ యాట నియమములు మెల్బోర్ను నగరమున 1859లో తొలిసారి వ్రాయబడెను. 1897 మొదలు విక్టోరియా ఫుట్‌బాలు లీగు పేర ప్రతి సంవత్సరమును పోటీలు జరిగెను. 1990లో ఆ లీగునకే ఆస్ట్రేలియా ఫుట్‌బాలు లీగని పేరు మారెను. తుదిపోటీలో నెగ్గిన క్లబ్బునకు ఆ సంవత్సరపు విజయపతాకము దక్కును.

ఇంకొక సంగతి. ఈ క్లబ్బులు చాలవరకు నగరములోని పేటల పేర వెలసినవి. తాత యే క్లబ్బువాడో తండ్రియు నా క్లబ్బువాడే, మనుమడు నా క్లబ్బువాడే. క్లబ్బును విడిచిపోవుట యనగా ఇంటిపేరును విడిచిపోవుట వంటిదని వారి భావము. ఈ సంగతిని మనస్సున నుంచుకొన్నగాని బరాసీ చరిత్రము బోధపడదు. ఏలయన, తండ్రి చొక్కా తొడిగికొని ఒక క్లబ్బున బ్రవేశించి, దానికే ప్రాణమైన యా మనుష్యుడు, ఒకనాడు దానిని విడిచి ప్రక్క పేటకు బోయెను. అది కృతఘ్నతయా, ధర్మమా యని అచ్చటివారు అరువదేండ్లు వాదించుకొనిరి. మీరు పెద్దలు, కథ విని మీరే తీర్పు చెప్పుదురు గాక.

రాన్ బరాసీ 1936వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన విక్టోరియా రాష్ట్రమున కాసిల్‌మెయిన్ అను నూర జన్మించెను. అది పూర్వము బంగారు గనుల సీమ. గనులలో బంగారము బయలుపడిన దినములలో స్విట్జర్లాండు దేశపు టిటాలియను భాషీయులు కొందరు పొట్ట చేతబట్టుకొని యచ్చటికి వలసవచ్చిరి. బరాసీ పూర్వులును వారిలోని వారే. బంగారము తరిగిపోయినను వారు నేలను నమ్ముకొని యచ్చటనే నిలిచిపోయిరి. తండ్రిపేరును రాన్ బరాసీయే. ఆయన పల్లె విడిచి నగరమునకు వచ్చి మెల్బోర్ను క్లబ్బున ఆటగాడుగా జేరెను. ఆయన తొడిగిన చొక్కా సంఖ్య 31. 1940లో మెల్బోర్ను విజయపతాకము గెలిచిన జట్టులో ఆయనయు నుండెను.

అంతలో రెండవ ప్రపంచ యుద్ధము ముదిరెను. తండ్రి బరాసీ సైన్యమున జేరి ఉత్తర ఆఫ్రికాకు బోయెను. అచ్చట లిబియా తీరమున టోబ్రూకు అను రేవుపట్టణము 1941లో జర్మను, ఇటలీ సేనలచే ముట్టడింపబడెను. ఆ కోటను కాచిన వారిలో ఆస్ట్రేలియనులు ముఖ్యులు. మన దేశపు 18వ అశ్వికదళమును వారితోడ నిలిచియుండెను. 1941 జూలై 31వ తేదీన తండ్రి బరాసీ యచ్చట ప్రాణము విడిచెను. నాటికి కుమారునకు అయిదేండ్లు. యుద్ధభూమికి బోయిన తండ్రి మొగము ఆ వయసు బిడ్డకు ఎంత జ్ఞాపకముండును? వానికి మిగిలినది తండ్రి పేరు, తండ్రి క్లబ్బు, ఆ 31వ సంఖ్య. అంతే.

కుర్రవాడు పెరిగెను; ఆటయందు మిక్కిలి చురుకుదనము గనబరచెను. తండ్రి యాడిన మెల్బోర్నులోనే తానును ఆడవలెనని వాని కోరిక. కాని అడ్డమొకటి యుండెను. ఆ దినములలో నగరమును పేటలవారీగా పంచి, ఏ పేటలో నివసించువాడు ఆ పేట క్లబ్బునకే చెందవలెనని లీగువారు నియమము చేసియుండిరి. ఆ లెక్కను ఈ కుర్రవాడు వేరొక క్లబ్బునకు బోవలసినవాడు. మెల్బోర్ను క్లబ్బువారు ఊరకుండలేదు. యుద్ధమున బడిన తమవాని బిడ్డను తమ యింటికే రానీయవలెనని లీగును గట్టిగా నడిగిరి. తండ్రి యాడిన క్లబ్బున కుమారుడును ఆడవచ్చునను క్రొత్త నియమము ఆ ప్రాంతముననే యేర్పడెను. దానికి 'తండ్రికొడుకుల నియమ'మని పేరు. నాటినుండి నేటివరకు ఎందరో కుమారులు ఆ ద్వారమున తండ్రుల క్లబ్బులలో బ్రవేశించిరి. ఆ ద్వారమున తొలుత అడుగిడిన కొద్దిమందిలో బరాసీ యొకడు. క్లబ్బువారు వానికి తండ్రి తొడిగిన 31వ సంఖ్య చొక్కానే యిచ్చిరి.

ఇంతలో తల్లి మరల వివాహమాడి టాస్మేనియా ద్వీపమునకు బోవలసివచ్చెను. కుర్రవాడు తల్లివెంట పోయెనా ఆట పోవును. ఉండెనా తల తలదాచుకొన నిల్లు లేదు. అప్పుడు వాని నాదరించినవాడు నార్మ్ స్మిత్. ఈ స్మిత్ తండ్రి బరాసీతో గలిసి మెల్బోర్నుకు ఆడినవాడు. 1952 మొదలు ఆ క్లబ్బునకే శిక్షకుడు. చనిపోయిన చెలికాని కొడుకును దెచ్చి కోబర్గు పేటలో తన యింటి వెనుకటి గదిలో నుంచుకొనెను. అన్నము పెట్టెను, అదుపున బెట్టెను. మన పూర్వకాలపు గురుకులవాసము వంటిదే యిది. ఇంట తండ్రి, మైదానమున గురువు. గురువుగా స్మిత్ మహా కఠినుడు. ఎర్రని తల, చురుకైన బుద్ధి గలవాడగుటచే వానికి 'ఎర్ర నక్క' యని మారుపేరు. తన యింట నుండువాడని బరాసీ కొక్క మెట్టు సడలించుట యెరుగడు. పైగా మిగిలినవారికన్న నెక్కువగా మందలించువాడు.

1953లో 17 ఏండ్ల ప్రాయమున బరాసీ మెల్బోర్ను పెద్దజట్టున బ్రవేశించెను. మొదట వానిని ఎచ్చట నిలుపవలెనో తెలియలేదు. ఎత్తున ఎగిరి బంతి నందుకొను పొడగరుల నడుమ నిలుపుదమా, అంత పొడవు లేదు. క్రింద చిందరవందరగా బడిన బంతిని ఏరుకొను పొట్టివారితో నిలుపుదమా, అంత పొట్టియు గాడు. స్మిత్ ఆలోచించి, పొడగరికి తోడుగా తిరుగుచు, పొట్టివాని వలె బంతి వెంటబడుచు, మైదానమంతయు గాలించు నొక పనిని వానికి గల్పించెను. దానికి 'రక్-రోవర్' అని పేరు నిలిచెను. అంతకుముందు ఆ పనికి అంతటి ప్రాధాన్యము లేదు. ఆ తరువాత ప్రతి జట్టును అట్టి యాటగానికై వెదకెను. శిష్యుని చూచి చోటు మార్చుట గురుత్వము. చోటునకు శిష్యుని నరుకుట గాదు. ఈ పాఠమును బరాసీ తరువాతి కాలమున మరువలేదు.

1954 తుదిపోటీలో మెల్బోర్ను ఫుట్‌స్క్రే జట్టు చేతిలో నోడెను.  తరువాత 1955, 1956, 1957 సంవత్సరములలో వరుసగా మూడు పతాకములు, 1959, 1960లలో రెండు, 1964లో ఒకటి, వెరసి ఆరు విజయపతాకములు స్మిత్ శిక్షణమున మెల్బోర్ను గెలిచెను. ఆరింటను బరాసీ ఆడెను. 1960 నుండి అతడే జట్టు నాయకుడు. 1964 తుదిపోటీలో కాలింగ్‌వుడ్డు ముందంజ వేసియుండగా, వెనుక కాపు గాయవలసిన నీల్ క్రాంప్టన్ అను నాటగాడు ముందునకు వచ్చి గోలు కొట్టి గెలిపించెను. తేడా 4 పాయింట్లు మాత్రమే. గురువు శిక్షకుడు, శిష్యుడు నాయకుడు. ఆ యైశ్వర్యమునకు ముగింపున్నదని ఆనాడు ఎవ్వరును దలపలేదు.

కాని ఆ సంవత్సరమే, పతాకము గెలిచిన కొలది మాసములకే, బరాసీ మెల్బోర్ను విడిచి కార్ల్టను క్లబ్బునకు నాయకుడును శిక్షకుడునై పోవుచున్నాడను వార్త పుట్టెను. నగరము నిర్ఘాంతపోయెను. కార్ల్టను ఒకప్పుడు గొప్ప క్లబ్బే గాని, 1947 తరువాత పతాక మెరుగదు. 1964లో 12 జట్లలో 10వ స్థానమునకు దిగజారియుండెను. అట్టి యింటికి, తండ్రి యింటిని, గురువు నింటిని విడిచి పోవుట యేమి? ధనమునకు అమ్ముడుపోయెనని కొందరనిరి. ధనము లేదనరాదు; కార్ల్టను వారు మంచి జీతమే యిచ్చిరి. కాని అసలు కారణము వేరు. బరాసీకి వయసు 28. తానును శిక్షకుడు గావలెనని వాని తహతహ. మెల్బోర్నులో ఆ పీఠమున గురువు కూర్చుండియున్నాడు. గురువు బ్రతికియుండగా గురుపీఠము నాశించుట కన్న, దూరముగా బోయి బంజరు దున్నుకొనుట మేలని యతడు తలచి యుండును. పోవునప్పుడు ఒక్క వస్తువు మాత్రము వెంట గొనిపోయెను. కార్ల్టనులో గూడ తొడిగిన చొక్కా సంఖ్య 31.

తరువాతి సంవత్సరము మెల్బోర్నులో జరిగినది చెప్ప మనసొప్పదు. 1965 జూలైలో ఆ క్లబ్బు పెద్దలు నార్మ్ స్మిత్‌ను ఒక ఉత్తరముతో పనినుండి తొలగించిరి. ఆరు పతాకములు దెచ్చినవానికి ఆటకాలము నడుమ ఆ మర్యాద! నగరమంతయు నట్టుడికెను. కొలది దినములలోనే వారు తప్పు దిద్దుకొని వానిని మరల బిలిచిరి. కాని పగిలిన కుండ అతికిన మాత్రమున నీరు నిలుచునా? శిష్యుడు వెడలిపోయెను, గురువు అవమానింపబడెను. 1964 తరువాత మెల్బోర్ను 1987 వరకు తుదివిడత పోటీలకైన జేరలేదు. పతాకము మాట చెప్పనేల! స్మిత్ శాపము తగిలినదని అచ్చటి జనులు నేటికిని చెప్పుకొందురు. శాపములను నమ్మినను నమ్మకున్నను, పెద్దవానిని అవమానించిన యింట నెమ్మది యుండదనుట మాత్రము మనమెరిగినదే.

ఇక కార్ల్టనులో బరాసీ చేసిన పని చూడుడు. మొదట దేహదారుఢ్యము, తరువాత క్రమశిక్షణము, ఆ తరువాత ఓటమి యన్న నసహ్యము. ఈ మూడింటిని వారికి నూరిపోసెను. తొలుత తానును వారితో గలిసి యాడెను. 1969తో ఆట విరమించి శిక్షణమునకే నిలిచెను. మెల్బోర్నుకు 204, కార్ల్టనుకు 50, వెరసి 254 ఆటలు అతడాడినవి. 1968 తుదిపోటీలో కార్ల్టను ఎసెండను జట్టుపై 3 పాయింట్లతో గెలిచెను. ఎసెండను 8 గోలులు కొట్టగా, కార్ల్టను కొట్టినవి 7 మాత్రమే. ప్రక్క సందుల పాయింట్లే వారిని గట్టెక్కించెను. 21 సంవత్సరముల తరువాత ఆ పేటకు పతాకము వచ్చెను.

ఐనను బరాసీ పేరు చిరస్థాయి యగుటకు కారణము 1970 తుదిపోటీ. మెల్బోర్ను క్రికెట్టు మైదానమున ఆనాడు 1,21,696 మంది ప్రేక్షకులు గూడిరి. అంతటి జనసమూహము ఆ యాటకు అంతకుముందు గాని, ఆ తరువాత గాని కూడలేదు. ఎదిరి జట్టు కాలింగ్‌వుడ్డు. కొలది దినముల క్రిందటనే సెమీఫైనలులో కార్ల్టనును ఓడించిన జట్టది. ఆట సగము ముగియునప్పటికి కాలింగ్‌వుడ్డు 73, కార్ల్టను 29. తేడా 44 పాయింట్లు! కార్ల్టనుకు చెందిన జెజాలెంకో అను వీరుడు ఎదిరివాని భుజములపైకి లంఘించి గగనమున బంతిని బట్టిన దృశ్య మొక్కటియే వారికి మిగిలిన యూరట. అంతటి వెనుకబాటునుండి తేరుకొని తుదిపోటీ గెలిచినవారు అంతవరకు లేరు.

విరామసమయమున గదిలో బరాసీ వారికి చెప్పినది మిక్కిలి సులువు మాట. అంతవరకు ఆ యాటలో చేతితో నందించుట ఆపదలో జేయు పని. అన్యథా గతిలేనప్పుడు వాడు నుపాయము. బంతి దొరికినవాడు దూరముగా తన్నుటయే పౌరుషమని యెల్లరి నమ్మకము. బరాసీ దానిని తలక్రిందులు చేసెను. బంతి దొరికినతోడనే తన్నవద్దు. ప్రక్కన పరుగెత్తు తోడివానికి చేతితో నందింపుడు, వాడు ఇంకొకనికి అందించును. ఎదిరివాడు వెన్నంటి రాలేనంత వేగముగా ముందునకు సాగుడని యాజ్ఞ యిచ్చెను. మరియు అంతవరకు బయట కూర్చుండియున్న టెడ్ హాప్కిన్స్ అను చిన్నవానిని లోనికి బంపెను. హాప్కిన్స్ నాలుగు గోలులు కొట్టెను. రెండవ సగమున కార్ల్టను 82 పాయింట్లు చేయగా, కాలింగ్‌వుడ్డు 28 మాత్రమే చేయగలిగెను. తుదకు 111, 101. కార్ల్టను 10 పాయింట్లతో గెలిచెను.

ఆ గంటలో ఆట మారిపోయినదని ఆస్ట్రేలియనులు చెప్పుదురు. చేతితో నందించు విద్య బరాసీ కనిపెట్టినది గాదు, పూర్వమునుండి యున్నదే. దిక్కులేని నాటి విద్యను ఎదురుదాడికి ఆయుధముగా వాడవచ్చునని అంతటి సభలో చూపినవాడు మాత్రము అతడే. నేడు ఆ యాట చూచువారికి బంతి చేతులమారుచు పాదరసము వలె ప్రాకుట కనబడును. దాని వెనుక ఆ విరామసమయపు మాట యున్నది.

శిక్షకుడుగా బరాసీ సౌమ్యుడని చెప్పజాలను. వాని నాలుక వాడి. తప్పుచేసినవానిని, ఎంతటి యాటగాడైనను, అందరి యెదుట కడిగి విడిచెడివాడు. ఆ తిట్లకు నొచ్చుకొన్నవారును గలరు. ఆ తిట్లచే మనుష్యులమైతిమని చెప్పుకొన్నవారును గలరు. ఆ కాఠిన్యము ఎచ్చటి నుండి వచ్చినదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. కోబర్గు పేటలో గురువు నింట నేర్చినదే. ఆ గురువు, నార్మ్ స్మిత్, 1973 జూలైలో 57 ఏండ్ల వయసున గన్నుమూసెను. శిష్యుడు వేరు పక్షమున నిలిచినను వారి యనుబంధము తెగలేదు.

1971 చివర బరాసీ కార్ల్టను విడిచెను. ఒక సంవత్సరము ఆటకు దూరముగా నుండెను. అప్పుడు వానిని నార్తు మెల్బోర్ను క్లబ్బువారు పిలిచిరి. ఆ క్లబ్బు 1925లో లీగున జేరెను గాని, అంతవరకు ఒక్క పతాకమును గెలువలేదు. 1972లో ఆటకాలమంతటను గెలిచినది ఒక్క ఆట. నిలిచినది కడపటి స్థానమున. 1973లో బరాసీ అచ్చట శిక్షకుడాయెను. ఆ సమయముననే లీగువారు, పదేండ్లు ఒక క్లబ్బునకు ఆడినవాడు తన యిష్టమున వేరొక క్లబ్బునకు బోవచ్చునని కొంతకాలము నియమము సడలించిరి. డగ్ వేడ్, బారీ డేవిస్, జాన్ రాంటల్ అను మువ్వురు మేటి ఆటగాండ్రు ఆ సందున నార్తు మెల్బోర్నుకు వచ్చి చేరిరి. పదేండ్ల క్రిందట క్లబ్బు విడిచినందులకు నిందలు పడినవాని యొద్దకు, క్లబ్బులు విడిచివచ్చిన వారే గూడుట కాలవైచిత్ర్యము.

కడపట నున్న ఆ జట్టు 1974లో తుదిపోటీకి జేరి రిచ్మండు చేతిలో నోడెను. 1975లో హాథార్ను జట్టును 55 పాయింట్ల తేడాతో నోడించి, 50 ఏండ్ల నిరీక్షణము తరువాత తొలి పతాకమును ఇంటికి దెచ్చుకొనెను. ఆ పేటలో ముదుసలులు కన్నీరు నింపుకొనిరనుటలో అతిశయోక్తి యుండదు. 1976లో హాథార్ను పగదీర్చుకొనెను. 1977 తుదిపోటీ చిత్రమైనది. కాలింగ్‌వుడ్డుతో ఆడుచు నార్తు మెల్బోర్ను రెండవ, మూడవ భాగములలో ఒక్క గోలైనను కొట్టలేక, 27 పాయింట్లు వెనుకబడి, కడపటి భాగమున లేచి, తుదకు 76, 76గా సరిసమానమాయెను. వారము దినములకు మరల నాడగా నార్తు మెల్బోర్ను 151, కాలింగ్‌వుడ్డు 124. అది శిక్షకుడుగా బరాసీకి నాలుగవ పతాకము. ఆటగాడుగా ఆరు, శిక్షకుడుగా నాలుగు, వెరసి పది.

ఇచ్చట కథ ముగిసినచో అది విజయగాథ మాత్రమే యగును. కాని 1981లో బరాసీ మరల పుట్టింటికి, అనగా మెల్బోర్ను క్లబ్బునకు, శిక్షకుడై వచ్చెను. విడిచిపోయిన పుత్రుడు తిరిగి వచ్చెను, ఇక శాపము తీరునని జనులు సంబరపడిరి. ఏమాయెను? ఆ సంవత్సరము 22 ఆటలలో గెలిచినది ఒక్కటి. 1985 వరకు అయిదేండ్లు శ్రమించినను తుదివిడత పోటీలకు జట్టును జేర్చలేకపోయెను. పరుల యింట దీపములు వెలిగించినవానికి తన యింట దీపము వెలుగలేదు. ఆనాడు వానిని నిందించినవారున్నారు. కాని ఆ అయిదేండ్లలో అతడు ఒక విత్తనము నాటెను. ఐర్లాండు దేశమున ఇంచుమించు ఇట్టి యాటయే యొకటి కలదు. అచ్చటి కుర్రవాండ్రను దెచ్చి శిక్షణ మిచ్చినచో పనికివత్తురని బరాసీయు, క్లబ్బువారును దలచిరి. ఆ విధముగా 1984లో డబ్లిను నగరమునుండి వచ్చినవాడు జిమ్ స్టైన్స్. అతడు 1991లో లీగున కెల్ల ఉత్తమ ఆటగాని కిచ్చు బ్రౌన్లో పతకమును బొందెను. వరుసగా 244 ఆటలు తప్పక ఆడెను. తరువాత ఆ క్లబ్బునకే అధ్యక్షుడై, అప్పులలో మునిగినదానిని నిలబెట్టి, 2012లో మరణించెను. నాటినవానికి ఫలము దక్కకున్నను చెట్టు నిలిచెను.

1993లో మరల నొక పిలుపు వచ్చెను. దక్షిణ మెల్బోర్ను క్లబ్బు 1982లో సిడ్నీ నగరమునకు తరలిపోయి సిడ్నీ స్వాన్స్ అను పేర నాడుచుండెను. సిడ్నీ రగ్బీ యాట రాజ్యమేలు నగరము. అచ్చట ఈ యాటను చూచువారు తక్కువ. జట్టు వరుసగా నోడుచుండెను. క్లబ్బు మూతబడునను భయ మేర్పడెను. 57 ఏండ్ల వయసున బరాసీ ఆ భారమును తలకెత్తుకొని 1995 వరకు మోసెను. పతాకము దేలేదు. కాని జనులు మరల మైదానమునకు వచ్చిరి. మేటి ఆటగాండ్రు చేరిరి. ఆయన విడిచిన మరుసటి సంవత్సరమే, 1996లో, ఆ జట్టు తుదిపోటీకి జేరెను. ఆస్ట్రేలియా పటముమీద ఈ యాటను ప్రేమించు సీమకును, రగ్బీని ప్రేమించు సీమకును నడుమ ఒక గీత గీయవచ్చునని ఇయాన్ టర్నర్ అను చరిత్రకారుడు 1978లో చెప్పి, దానికి 'బరాసీ గీత' యని పేరు పెట్టెను. ఆ గీతను దాటి పోయి ఆటను నిలిపినవాడు బరాసీయే యగుట గమనింపదగినది.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. ఇల్లు విడిచిపోవుట తప్పా? తండ్రి చొక్కాను దాచుకొని, గురువు నీడన గూర్చుండి, ఇంకొక రెండు పతాకములు గెలిచియున్నచో బరాసీని మెల్బోర్ను వారు నిత్యము పూజించియుందురు. కాని కార్ల్టను, నార్తు మెల్బోర్ను, సిడ్నీ పేటలలో గురువు నేర్పిన విద్య చేరియుండెడిది కాదు. మనలో గురువు ఋణము గురువునకే తీర్పరాదని పెద్దలు చెప్పుదురు. శిష్యునకు జెప్పియే తీర్పవలెను. ఆ విధముగా బరాసీ ఋణము తీర్చెను. ఐనను మూల్యము లేకపోలేదు. వాని నిర్గమనముతో పుట్టిల్లు బోసిపోయెను. తానే తిరిగివచ్చినను ఆ లోటు పూడ్పలేకపోయెను. విద్య పదిచోట్లకు పోవుట లాభము. పుట్టిన చోట ఖాళీ మిగులుట నష్టము. ఒకదానిని జూచి రెండవదానిని లేదనుట న్యాయము గాదు. మన యిండ్లనుండి దూరదేశములకు బోయిన బిడ్డల విషయమునను ఈ మాట నిజమే గదా!

ఒక్క సంగతి చెప్పి ముగింతును. 2021లో మెల్బోర్ను క్లబ్బు మరల తుదిపోటీకి జేరెను. అంటువ్యాధి దినములగుటచే ఆ యాట పెర్తు నగరమున జరిగెను. ఎదిరి జట్టు వెస్టరన్ బుల్‌డాగ్స్. అనగా 1954లో పడుచువాడైన బరాసీని తొలి తుదిపోటీలో నోడించిన ఫుట్‌స్క్రే క్లబ్బే పేరు మార్చుకొని వచ్చినది. మెల్బోర్ను 140, బుల్‌డాగ్స్ 66. 57 సంవత్సరముల తరువాత పతాకము ఇంటికి వచ్చెను. ఆనాడు మెల్బోర్ను పక్షమున అందరికన్న నెక్కువగా ఆరు గోలులు కొట్టిన యువకుడు బేలీ ఫ్రిట్ష్. వాని వీపుమీది సంఖ్య 31. టోబ్రూకు ఇసుకలో నిదురించు తండ్రి తొడిగిన సంఖ్య. కుమారుడు ప్రక్క పేటకు గొనిపోయిన సంఖ్య. తుదకు పుట్టింటనే మిగిలిన సంఖ్య.

అది జరిగినప్పుడు బరాసీకి 85 ఏండ్లు. 2023 సెప్టెంబరు 16వ తేదీన, 87 ఏండ్ల వయసున, తుదిపోటీల మాసముననే అతడు మరణించెను. ఆయన పేర ప్రభుత్వ లాంఛనములతో జరిగిన సంస్మరణ సభకు, 1,21,696 మంది చూచిన ఆ మెల్బోర్ను మైదానమే వేదిక యాయెను. ఆ సభకు మెల్బోర్ను వారును వచ్చిరి, కార్ల్టను వారును వచ్చిరి, నార్తు మెల్బోర్ను వారును, సిడ్నీ వారును వచ్చిరి. విడిచిపోయినవాడని యొకప్పుడు నిందింపబడిన మనుష్యుని, తుదకు ప్రతి క్లబ్బును తమవాడని చెప్పుకొనెను.